దూబగుంట దారిలో

నెల్లూరు పేరు చెప్పగానే చాలామందికి నోరూరుతుంది. మొలగొలుకుల అన్నం, చేపల పులుసు ముందు జ్ఞాపకం వస్తాయి. కాస్త చదువుకున్నవారికి తిక్కన సోమయాజి, పెన్న ఒడ్డున రంగనాయకులవారి గోపురం ఆ తరువాత గుర్తుకు వస్తాయి. అయితే ఈ జిల్లాకు రెండు ముఖాలున్నాయి. మద్రాసు నుంచి విజయవాడకు పోయే రైలు కిటికీలోంచి మనకు కనుపించేది ఒక ముఖం. వరిచేలు, కాలువలు, కొంగలు, నిండు చెరువులు. రైలు దిగి పడమటి వైపు తిరిగితే రెండవ ముఖం కనుపిస్తుంది. అక్కడ పచ్చదనం పలచబడుతుంది. నేల ఎర్రగానో, రాళ్ళుగానో మారుతుంది. వాన పడితే పంట, లేకపోతే లేదు. దానిని నెల్లూరువారు మెట్ట అంటారు. పల్లపుసీమవాళ్ళు ఆ మాట అనేటప్పుడు గొంతులో కొంచెం జాలి, కొంచెం చులకన రెండూ వినిపిస్తాయి.

ఆ మెట్టలో, కలిగిరి మండలంలో దూబగుంట అనే వూరున్నది. యాత్రికుల పుస్తకాల్లో ఆ పేరు వుండదు. కాని ముప్పయి యేళ్ళ కిందట ఆ వూరి ఆడవాళ్ళు చేసిన ఒక పని వల్ల ఈ రాష్ట్రంలో ప్రభుత్వాలు తబ్బిబ్బయినవి. కోట్ల రూపాయల ఆదాయం ఆగిపోయింది. ఆ కథ పత్రికలు చదివేవారందరికీ ఎంతో కొంత తెలిసినదే. నాకు మాత్రం ఆ కథలో ఎవరూ అడగని ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఆడవాళ్ళు అంగడి మూయించారు, సరే. తాగేవాళ్ళు ఎలా మానారు? అంగడి మూయడం వేరు, మనిషి మానడం వేరు గదా! దానికి జవాబు పుస్తకాల్లో దొరకలేదు గనుక ప్రయాణం కట్టాను.

నెల్లూరి నుంచి తిన్నగా అటు పోలేదు. ముందు పల్లెపాడు చూశాను. తాగుడు మానుకోవడమనే మాటకు ఈ జిల్లాలో నూరేళ్ళు దాటిన చరిత్ర వుంది. దాని మొదలు పెన్న ఒడ్డున వుందని నా వుద్దేశం. పల్లెపాడులోని పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీగారు స్వయంగా వచ్చి ప్రారంభించారు. ఖద్దరు కట్టడం, అంటరానితనం మానడం, కల్లు మానడం, ఈ మూడూ ఆ రోజుల్లో ఒకే మూటలోని సరుకులు. దేశమంతా కల్లు దుకాణాల ముందు వాలంటీర్లు నిలబడి, వచ్చినవాడికల్లా దండం పెట్టి, తాగవద్దని బతిమాలిన కాలమది. బతిమాలిన వాళ్ళు ఎక్కువగా చదువుకున్నవారు. బతిమాలించుకున్నవాళ్ళు ఎక్కువగా చదువులేనివారు. ఈ తేడా జ్ఞాపకం వుంచుకోవాలి. దూబగుంటలో జరిగింది సరిగ్గా దీనికి తలకిందులు.

గాంధీగారి మాట చట్టం కావడానికి మరి పదహారేళ్ళు పట్టింది. 1937లో రాజాజీ సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టారు. మరుసటి యేడు మన చిత్తూరు, కడప జిల్లాలకు దానిని పొడిగించారు. 1948 అక్టోబరు 2న మద్రాసు రాష్ట్రమంతటా అమలు చేశారు. నెల్లూరు అప్పటికి ఆ రాష్ట్రంలోనిదే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఏడాది తిరిగీ తిరగకుండా, 1954 నవంబరులో, ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఒకే ఒక్క వోటు తేడాతో కూలిపోయింది. ఆ తగాదాకు పెట్టిన పేరు మద్యనిషేధమే. నిషేధం ఎత్తివేయమని రామమూర్తి కమిటీ సలహా యిస్తే ప్రభుత్వం వినలేదన్నది నేరం. కల్లుముంత తగిలి మంత్రివర్గాలు బోర్లాపడడం మనకు కొత్తేమీ కాదన్నమాట.

నెల్లూరికి కావలి యాభై కిలోమీటర్లు. రైల్లో అయితే కబుర్లు సగంలో వుండగానే స్టేషను వచ్చేస్తుంది. కావలిలో దిగి కలిగిరి బస్సెక్కాను. వూరు దాటగానే గాలి మారింది. రోడ్డుకు అటూ యిటూ తాళ్ళు, తుమ్మలు. అక్కడక్కడ పొగాకు చేలు, వాటి గట్టున పొగాకు కాల్చే బేరన్లు నిలువుగా, కిటికీలు లేని మేడల్లాగా నిలబడి వున్నాయి. ఈ తేలిక నేలల్లో పండే వర్జీనియా పొగాకుకు పేరుంది. కలిగిరిలో దానికి వేలం కేంద్రం వుంది. బస్సులో నా పక్కన కూర్చున్న రైతు ఆ సంవత్సరం ధరలను గురించి కలిగిరి దాకా ఏకరువు పెట్టాడు. “పాట బాగుంటే పెళ్ళి, లేకుంటే అప్పు” అన్నాడాయన.

పాట అన్న మాట వినగానే నాకు మరో పాట గుర్తుకు వచ్చింది. పొగాకు పాటలో రైతు సరుకు అమ్ముతాడు. సారా పాటలో ప్రభుత్వం వూళ్ళనే అమ్మేది. ఫలానా ప్రాంతంలో ఏడాదిపాటు సారా అమ్ముకునే హక్కు ఎవడు ఎక్కువకు పాడితే వాడిది. లక్షలు పోసి పాడినవాడు వూరుకుంటాడా? పోసినది రాబట్టుకోవాలంటే ప్రతి వూళ్ళో, ప్రతి వీధి మొగలో సరుకు వుండాలి. డబ్బు లేనివాడికి అరువు పెట్టాలి. 1980ల మొదట్లో ‘వారుణి వాహిని’ అనే ముద్దుపేరుతో ప్రభుత్వమే సారాను పొట్లాలలో పోసి పంపించడం మొదలుపెట్టింది. అచ్చం పాలపొట్లంలాగే వుండేది. పాలు దొరకని వూళ్ళో కూడా అది దొరికేది. ఆబ్కారీ ఆదాయం 1970–71లో 39 కోట్ల రూపాయలు. 1991–92 నాటికి అది 812 కోట్లయింది. ఆ సొమ్మంతా ఆకాశం నుంచి రాలేదు. సాయంత్రం కూలి చేతిలో పడ్డవాడు ఇల్లు చేరేలోగా అందులో నుంచి తీసి యిచ్చినదే.

కలిగిరిలో దిగి, టీ తాగి, ఆటోలో దూబగుంట చేరాను. చెరువు, వేపచెట్లు, అరుగుల మీద మధ్యాహ్నపు కునుకులు. పల్లెటూరు పల్లెటూరులాగానే వుంది. చరిత్ర జరిగిన చోటు చూడబోయిన ప్రతివారికీ కలిగే చిన్న నిరాశ నాకూ కలిగింది. ఏదో కనుపించాలని ఎదురు చూస్తాం. అక్కడ మేకలు మేస్తుంటాయి.

జరిగిన కథ యిది. 1991 ప్రాంతాల్లో నెల్లూరు జిల్లాలో ‘అక్షర దీపం’ పేరుతో పెద్దయెత్తున వయోజన విద్య సాగింది. రాత్రిపూట దీపం ముందు కూర్చుని ఆడవాళ్ళు అక్షరాలు దిద్దారు. ఆ వాచకాల్లో కాకులు, నక్కలు, ద్రాక్షపళ్ళు లేవు. కూలి, కడుపు, సారా వున్నవి. చదివినవాళ్ళు చదివి వూరుకోలేదు. మా యింటి సంగతి దీంట్లో ఎవరు రాశారని అడిగారు. అప్పటికే దూబగుంటలో తాగిన మత్తులో కూలీలు చెరువులో పడి చనిపోయిన దుఃఖం వుంది. ఆడవాళ్ళు కూడబలుక్కున్నారు. అధికారులకు మొర పెట్టుకోబోయారు. అక్కడ పని కాలేదు. సరే, మన వూరు మనమే చూసుకుందామని వెనక్కు వచ్చి, వూళ్ళోకి వస్తున్న కల్లుబండిని అడ్డగించారు. ఈ ఘట్టంలో నాకు మిక్కిలి నచ్చిన సంగతి ఒకటి వుంది. కల్లు పారబొయ్యమన్నప్పుడు బండివాడు తన బతుకేమిటని అడిగితే, తలకు ఒక రూపాయి వేసుకుని నష్టం మేమిస్తాంలెమ్మన్నారని చెబుతారు. అన్నం లేనివాళ్ళు కూడా ఎదుటివాడి అన్నం సంగతి ఆలోచించారు చూడండి. ఆ తరువాత సారా జీపు వచ్చింది. దానినీ తిప్పి పంపారు.

ఆ వూరి కథ తరువాత ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠమై అదే చదువుల పుస్తకంలోకి ఎక్కింది. జిల్లాలో వందలాది వూళ్ళ ఆడవాళ్ళు దానిని కూడబలుక్కుని చదివారు. మేమేం తక్కువ తిన్నామా అని పొరకలు పట్టారు, కారంపొడి పట్టారు. తాగి వచ్చిన మొగుడికి అన్నం పెట్టమన్నారు. పొట్లాలు కుప్పపోసి తగలబెట్టారు. 1992లో నెల్లూరులో జరగవలసిన సారా పాటలు ఒకటికి నాలుగుసార్లు వాయిదా పడ్డవి. పాడుకునేవాళ్ళు లోపలికి పోవడానికి దారి లేదు, అంతా ఆడవాళ్ళే. ‘ఈనాడు’ పత్రిక రోజూ ఆ వార్తలతో నింపింది. దూబగుంట వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. 1994 డిసెంబరులో ఎన్.టి. రామారావుగారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వేదిక మీదనే సంపూర్ణ మద్యనిషేధం కాగితం మీద సంతకం చేశారు. వారుణి వాహినిని పారించిన చెయ్యీ ఆయనదే, ఆనకట్ట కట్టిన చెయ్యీ ఆయనదే.

రోశమ్మగారు 2016లో కన్నుమూశారు. ఆమె మాట ఎత్తగానే అరుగు మీది ఆడవాళ్ళు “ఆయమ్మకు బయం అనేది లేదయ్యా” అన్నారు. అంతకుమించి పొగడ్తలేవీ లేవు. “మీ మగవాళ్ళు ఎలా మానారమ్మా?” అని అడిగాను. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందులో ఒకావిడ నవ్వి, “మానినోడు మానినాడు, మానలేనోడు పోయినాడు. నువ్వడిగేది వినాలంటే ఆ తాత కాడికి పో” అని చెట్టుకింద కూర్చున్న ఒకాయనను చూపించింది.

ఆయనకు డెబ్బయి దాటి వుంటాయి. సన్నని మనిషి. పంచె మోకాళ్ళ మీదికి కట్టి గడ్డితాడు పేనుకుంటున్నాడు. ఎందుకు వచ్చానో చెప్పాను. కొంచెంసేపు తాడు పేనాడు. పేరు రాయనని మాట తీసుకున్న తరువాత చెప్పాడు.

“ఆడోళ్ళు అంగడి మూసినారు. మంచిదే. మా నోరు ఎట్టా మూసేది? మొదటినాడు సాయంత్రానికే చేతులు వణకబట్టె. కంచంలో అన్నం కలుపుకోలేకపోయినా. రెండో రాత్రి కన్ను మూత పడలా. ఒళ్ళంతా చెమట. మూడోనాటి రాత్రి గోడ నిండా చీమలు పాకతా వుండాయని పొరక తీసుకోని కొట్టినానంట. చీమలూ లేవు, ఏమీ లేవు. మా యమ్మ గాలి సోకిందని యాపమండలు తెచ్చె.”

“మరి?”

“మా యింటామె గట్టిది. యాపమండలు ఆడ పారేసి, నన్ను బస్సెక్కించి కావలికి తీసకపోయె. డాక్టరు చూసి, ఇంకో పూట ఆగుంటే మనిషి దక్కేవాడు కాదమ్మా అన్నాడంట. సూదులేసినాడు. నాలుగు దినాలు మంచానికి కట్టేసినట్టే వుంచినాడు.”

ఈ సంగతి దగ్గర నేను కొంచెం ఆగాలి. చదివేవారిలో ఎవరింట్లోనైనా దీని అవసరం వుండవచ్చు. ఏళ్ళ తరబడి రోజూ విస్తారంగా తాగేవాడు మంచి ఘడియ చూసుకుని ఒక్కసారిగా మానేస్తే, అది శరీరానికి చిన్న దెబ్బ కాదు. మత్తు మెదడును అణచివుంచినంత కాలం మెదడు దానికి ఎదురు తోసి తోసి అలవాటుపడి వుంటుంది. ఆ బరువు హఠాత్తుగా తీసేస్తే, తలుపు అవతల తోస్తున్నవాడు బోర్లా పడ్డట్టు, నరాలన్నీ ఒక్క ఉదుటున రెచ్చిపోతాయి. కొన్ని గంటల్లోనే వణుకు మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. మూడు, నాలుగు రోజుల్లో లేనివి కనుపించడం, వున్నవాళ్ళను గుర్తుపట్టకపోవడం, జ్వరం, గుండెదడ. ఇది ప్రాణం మీదికి వచ్చే దశ. అందరికీ రాదు, చాలామంది వణుకుతోనే గట్టెక్కుతారు. వచ్చినవాడికి మాత్రం ఆస్పత్రే శరణ్యం. అక్కడ నరాలు శాంతించడానికి మందులిచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ వస్తారు. తాగుబోతు ఒంట్లో బి-1 విటమిను దాదాపు అడుగంటి వుంటుంది గనుక దానిని సూదుల ద్వారా ఎక్కిస్తారు. అది లేకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోయే ప్రమాదం వుంది. మన పల్లెల్లో గాలి, దెయ్యం అని పేరుపెట్టి వేపమండలతో కొట్టిన వాళ్ళలో ఎందరు ఈ జబ్బు మనుషులో! మానుతానన్న మనిషిని మెచ్చుకోవడంతోపాటు డాక్టరు దగ్గరకు తీసుకుపోవడం కూడా యింటివాళ్ళ పనే.

ఇంకొకటి. భర్తకు తెలియకుండా మజ్జిగలోనో, కూరలోనో కలిపి పెట్టమని పొడులు, బిళ్ళలు అమ్మేవాళ్ళున్నారు. డైసల్ఫిరామ్ అనే మందు వుంది. తాగుడు మాన్పించడానికి అది పనికివస్తుందని 1948లో డెన్మార్కు వైద్యులు లోకానికి చెప్పారు. అది వేసుకున్న మనిషి తాగితే మొహం ఎర్రబడి, గుండె కొట్టుకుని, వాంతులై నానా యాతన పడతాడు. ఆ భయంతో తాగకుండా వుంటాడు. కాని అది మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టరు చూస్తూ వుండగా వాడవలసిన మందు. తెలియకుండా పెట్టి, అతడు తెలియక తాగితే, ఒక్కొక్కప్పుడు గుండె ఆగిపోవచ్చు. పసుపు కుంకుమలు నిలుపుకోవాలని కలిపిన బిళ్ళే వాటికి చేటు తేవచ్చు.

తిరిగి చెట్టు కిందికి వద్దాం. మా మాటలు జరుగుతుండగా ఆయన భార్య చెంబుతో మజ్జిగ తెచ్చింది. మాట కరుకు, చెయ్యి చల్లన. “ఆస్పత్రి నాలుగు దినాలు ఒక లెక్కా?” అందావిడ. “ఆ తరవాతది చెప్పడేమి? తాగే రోజుల్లో తాగొచ్చి కొట్టేవాడు. మానినాక తాగలేదని అరిచేవాడు. పొద్దు గుంకేసరికి గూట్లో పిల్లి మాదిరి ఇంట్లోనే తిరిగేవాడు. ఆరు గంటలకు అంగడికి పోవడం అలవాటు గదా, అంగడి లేకపోయినా ఆరు గంటలు అవతానే వుండె. ఆ యాళకు ఏం చెయ్యాల? నేనొక ఉపాయం చేసినా. పొదుపులో అప్పు తీసి బర్రెను కొన్నా. సరిగ్గా ఆ యాళకే పాలు పిండాల. పిండి కేంద్రానికి పొయ్యాల. ఆలీసమైతే పాలు తీసుకోరు. బర్రె అరస్తది. మొగోడు నా మాట వినకపోయినా బర్రె మాట వినాల గదా!”

పెద్దాయన తలవంచుకుని నవ్వాడు. తాగుడు మానిన వాళ్ళను గురించి నేను విన్న వుపన్యాసాలలో ‘మనోనిగ్రహం’ అనే మాట వందసార్లు వినబడింది. సాయంత్రం ఆరు గంటలు అన్న మాట ఒక్కసారీ వినబడలేదు. ఈ ఇల్లాలికి తెలిసింది ఆ పండితులకు తెలియలేదు. మానిన మనిషికి చేతులు ఖాళీగా వుండే ఆ ఒక్క గంటే గండం.

పొదుపు అని ఆవిడ అన్న మాటకు కూడా కథ వుంది. సారా పోయిన తరువాత నెల్లూరు జిల్లాలో ‘పొదుపులక్ష్మి’ అని ఆడవాళ్ళు సంఘాలు కట్టారు. రోజుకు ఒక్క రూపాయి. నిన్నటిదాకా పొట్లానికి పోయిన డబ్బులోనే ఒక రూపాయి పక్కన పెట్టడం. పదిమందీ కలిసి కూడబెట్టిన దానిలోంచి అవసరమైనవారికి అప్పు. ఇవాళ తెలుగునాట పల్లెపల్లెనా కనుపించే మహిళా సంఘాలకు ఆ రూపాయి ఒక మూలవిత్తనం. చట్టాలు వచ్చాయి, పోయాయి. ఆ సంఘాలు మిగిలాయి.

“మళ్ళీ ఎప్పుడూ ముట్టలేదా?” అని పెద్దాయనను అడిగాను. ఆయన జవాబు చెప్పేలోగా ఆవిడే అందుకుంది. “ఒకసారి జారినాడు. ఆరు నెలలకు. చుట్టాల వూళ్ళో తిరనాళ్ళకు పోయి తాగొచ్చినాడు. నేను తిట్టలా. తిడితే తాగడానికి ఇంకో సాకు అవతది. పొద్దున్నే లేపి, బర్రె దగ్గిర నిలబెట్టినా. అంతే.” ఆయన మెల్లగా అన్నాడు: “ఆ దినం తిట్టుంటే బాగుండు అనిపించిందయ్యా.”

ఒకసారి జారినంత మాత్రాన అంతా అయిపోయినట్టు కాదని వైద్యులు చెబుతారు. మానినవాళ్ళలో చాలామంది ఒకటి రెండుసార్లు జారి, లేచినవాళ్ళే. పడ్డవాడిని “నీ బుద్ధి యింతే” అన్న మాట కంటే లోతుగా తోసేది వుండదు. అమెరికాలో 1935లో ఏక్రన్ అనే వూళ్ళో ఒక షేరుమార్కెట్టు మనిషి, ఒక డాక్టరు కలుసుకున్నారు. ఇద్దరూ తాగుబోతులే. ఒకరి కథ ఒకరు వింటే ఆ పూటకు తాగబుద్ధి కాదని కనిపెట్టారు. అదే ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ అనే సంఘమై దేశదేశాలకు పాకింది. మన దేశంలోనూ చాలా పట్టణాల్లో వారి సమావేశాలు జరుగుతాయి. చందా లేదు, పేరు చెప్పనక్కర లేదు. జీవితాంతం మానుతానని ప్రమాణం చేయించరు. ఈ ఒక్కరోజు తాగను అంటే చాలునంటారు. దూబగుంట పెద్దాయన ఆ సంఘం పేరు విని వుండడు. కాని ఆయన లెక్కా రోజుల లెక్కే, పాలకేంద్రం చీటీలాగా.

ఇదంతా కూలీనాలీ జనం బాధ, మనకెందుకు అనుకునే పెద్దమనుషులున్నారు. వారికి మద్రాసు సంగతి ఒకటి చెప్పాలి. నెల్లూరువారికి మద్రాసు పరాయి వూరు కాదు. పెద్ద జబ్బు చేస్తే రైలెక్కేది అటే. అక్కడ పేరుమోసిన పారిశ్రామిక కుటుంబంలోని కోడలు శాంతి రంగనాథన్. సిరికి లోటు లేని యింట్లో తాగుడు ఆమె భర్తను చిన్న వయస్సులోనే మింగేసింది. ఆమె 1980లో ఆయన పేరు మీదనే తాగుడుకు చికిత్స చేసే సంస్థ నెలకొల్పారు. మొట్టమొదట ఆమె చెప్పిన మాట, ఇది తప్పు కాదు, జబ్బు అని. మనిషి ఒక్కడికి వైద్యం చేసి పంపితే చాలదని, భార్యను, తల్లిదండ్రులను కూడా కూర్చోబెట్టి మాట్లాడాలని ఆ సంస్థలో ఆనవాయితీ పెట్టారు. ఏమంటే, అతడు తాగినన్నాళ్ళూ యింటివాళ్ళు కూడా ఒక రకంగా ఆ జబ్బుకు అలవాటుపడి వుంటారు. ఆఫీసుకు ఫోన్ చేసి జ్వరమని అబద్ధం చెప్పడం, అప్పులు తీర్చడం, పిల్లల్ని హుష్ హుష్ అని పక్కగదిలోకి తోయడం, సీసాలు దాచడం. కూలివాడి యింట్లో గొడవ వీధిలో వినిపిస్తుంది. ఉద్యోగి యింట్లో కిటికీ తలుపులు మూసి వుంటాయి. తేడా అంతే. దేవదాసు తెరమీద తాగి చనిపోతే హాలు హాలంతా ఏడ్చింది. నిజమైన దేవదాసుతో ముప్పయ్యేళ్ళు కాపురం చేసిన ఆడదానికి ఆ కన్నీళ్ళలో ఒక చుక్కయినా దక్కలేదు.

సంపూర్ణ నిషేధం 1995 జనవరిలో అమలులోకి వచ్చి, 1997లో సడలిపోయింది. ఖజానాకు కన్నం పడిందన్నారు. పొరుగు రాష్ట్రాల నుంచి దొంగసరుకు వచ్చిందన్నారు. రెండూ నిజమే. 2019లో ఆంధ్రలో దుకాణాలు ప్రభుత్వం చేతికి వచ్చాయి. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటువారికి పోయాయి. ఇది చూసి, దూబగుంట ఆడవాళ్ళు చేసింది గాలికి పోయిందని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. గడప ముందుకు వచ్చి, అరువు పెట్టి తాగించిన సర్కారు సారా 1993లో పోయినది, మళ్ళీ తిరిగి రాలేదు. దాని స్థానంలో సీసా వచ్చిందన్నది నిజమే. దొంగచాటు నాటుసారా పూర్తిగా పోలేదన్నదీ నిజమే. అయినా ఒక తరం పిల్లలు తండ్రి కూలి ఇల్లు చేరడం చూశారు. ఆ యేళ్ళలో బడికి పోయిన పిల్లలకు మళ్ళీ ఎవరు వచ్చి బడి మాన్పించగలరు? ఈ పెద్దాయన కూతురు నర్సు. తండ్రిని బస్సెక్కించి ఆస్పత్రికి తీసుకుపోయిన రోజున ఆ పిల్లకు ఆరేళ్ళట.

పొద్దు వాలింది. పెద్దాయనకు కలిగిరిలో దాణా కొనే పనుంది. ఇద్దరం ఒకే ఆటోలో వెళ్ళాం. కలిగిరిలో బస్సు ఆగే చోటికి నడుస్తుంటే రోడ్డుకు ఎడమ పక్కన మద్యం దుకాణం, దాని ముందు సాయంత్రపు గుంపు. పెద్దాయన వాక్యం మధ్యలో ఆపి, నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు. అవతల పక్క నీడ లేదు, ఎండ మొహానికి కొడుతున్నది. దాణా కొట్టు కూడా ఇవతల పక్కనే వుందని నాకు తరువాత తెలిసింది.

“ఇటు ఎండ గదా, తాతా?” అన్నాను.

“ఎండే” అన్నాడాయన. దుకాణం దాటేదాకా ఎండలోనే నడిచి, మళ్ళీ రోడ్డు దాటి, దాణా బేరం చేసి, మూట భుజాన వేసుకున్నాడు. చేతి గడియారం వంక చూసి, పాలు పిండే వేళయిందని తొందరగా ఆటో ఎక్కాడు.